ముకుతాడు ముందు, గిత్త తర్వాత: పాత బీఎస్‌ఏని రోడ్డెక్కించిన పద్ధతి

మాది కందుకూరు. వ్యవసాయ మోటర్లకు వైండింగ్ చేసే షాపు, ఇరవై ఆరేళ్ల నుంచి ఇదే పని. కాలిన మోటరు వాసన చూసి ఫేజు పోయి కాలిందో, నీళ్లు లేక కాలిందో చెప్పగలను. మోటార్ సైకిల్ మెకానిక్‌ని మాత్రం కాను. కింద రాసినదంతా పాత మాన్యువల్ ముందు పెట్టుకుని, నాకంటే తెలిసినవాళ్లను విసిగించి, రెండు చోట్ల గట్టిగా దెబ్బతిని నేర్చుకున్నది.

బండి మా మామ వాళ్ల నాయనది. రెండో ప్రపంచ యుద్ధం అయిపోయాక మిలిటరీ వాళ్లు వేలం వేసిన బళ్లలో ఒకదాన్ని మద్రాసు పోయి కొనుక్కొచ్చాడంట. బీఎస్‌ఏ ఎం20. బర్మింగ్‌హామ్‌లో తుపాకులు చేసే కంపెనీ అది, అందుకే దాని గుర్తులో మూడు తుపాకులు ఒకదానికొకటి ఆనించి ఉంటాయి. 496 సీసీ, సైడ్ వాల్వు, ఒకటే సిలిండరు, 13 గుర్రాల బలం. యుద్ధం రోజుల్లో ఇలాంటివి 1,26,000 దాకా చేశారు. ఇంజిను మీదా ఫ్రేము మీదా నంబరుకు ముందు డబ్ల్యూఎం20 అని కొట్టి ఉంటే మిలిటరీకి చేసిందని అర్థం. మాదానికి ఉంది.

కొండపి దగ్గర మామ వాళ్ల పాత పొగాకు బ్యారన్లో, అంటే పొగాకు ఆరబెట్టే గదిలో, ముప్పై ఏళ్లు గోడకు ఆనుకుని నిలబడి ఉందది. బ్యారన్ గోడలు మందం, లోపల పొడి. అదే మా సింగరాయకొండ పక్కనో, కొత్తపట్నంలోనో సముద్రపు గాలికి ఉండుంటే ఈపాటికి తుప్పు చెక్కులే మిగిలేవి.

నేను చేసిన తప్పు

పాత బండి గురించి ఎవరన్నా అడిగే మొదటి మాట "స్టార్టయిందా?" అని. నేనూ ఆ మాట వెంటే పడ్డా. నాలుగు నెలలు ఇంజినూ, దానికి నిప్పు పుట్టించే మాగ్నెటో మీదే కూర్చున్నా. ఒక సాయంత్రం షాపు ముందు అది డబ్‌డబ్‌మని అందుకుంది. బజారంతా చేరింది. ఆ ఊపులో తెల్లారి మామ వాళ్ల ఊరి చెరువు కట్ట మీదికి తీసుకుపోయా. కట్ట దిగేచోట మలుపులో గొర్రెలు అడ్డం వచ్చినై. ఇరవై ఏళ్ల అలవాటు కొద్దీ కుడికాలు కిందికి నొక్కా. ఈ బళ్లకు కుడికాలు కింద ఉండేది గేరు, బ్రేకు ఎడమకాలికి. ఇంజిను ఒక్కసారి అరిచింది, బండి ఆగలా. ముందు బ్రేకు లీవరు పట్టుకుంటే మెత్తగా వచ్చి హ్యాండిల్‌కి ఆనింది. సుబాబుల్ తోటలోకి పోయి పడ్డా. గొర్రెలు బాగానే ఉన్నై. నా మోకాలికి పదకొండు కుట్లు.

మామ వచ్చి బండిని చూశాడు, నన్ను చూశాడు. "ఏం అల్లుడూ, ముకుతాడు లేని గిత్తను ఎవరన్నా బండికి కడతారా?" అన్నాడు. ఒంగోలు జాతి గిత్తల్ని పెంచిన మనిషి. నాకు తిరిగి అనడానికేమీ లేకపోయింది. ఇంజిను అట్లా పక్కన పెట్టేసి చక్రాల నుంచి మళ్లీ మొదలుపెట్టా. మీరూ ఆ వరసలోనే చెయ్యండి. ఆగడం ముందు, తిన్నగా పోవడం తర్వాత, స్టార్టవడం చిట్టచివర.

ముకుతాడు

ముందూ వెనకా 7 అంగుళాల డ్రమ్ములు. విప్పగానే లోపల నల్లటి దుమ్ము ఉంటుంది. దాన్ని నోటితో ఊదొద్దు, కంప్రెసర్ గాలి అసలే పెట్టొద్దు. ఆ కాలపు లైనింగులో ఆస్‌బెస్టాస్ ఉంటుంది, ఊపిరితిత్తుల్లోకి పోతే ఇక బయటికి రాదు. సబ్బు నీళ్లు చల్లి, తడిగుడ్డతో తుడిచి, ఆ గుడ్డను కవర్లో మూటకట్టి పారెయ్యండి.

షూలు అల్యూమినియంవి. పగుళ్లు లేకుంటే అవే పనికొస్తాయి. లారీలకు లైనింగు కొట్టే షాపులో ఇస్తే కొత్తది అతికించి ఇస్తారు. అక్కడితో అయిపోయిందనుకుంటే నాలాగే మోసపోతారు. కొత్త లైనింగు వంపూ పాత డ్రమ్ము వంపూ ఒకటి కావు. మధ్యలో రెండు వేళ్లంత మేర ఆని, మిగతాదంతా గాల్లో ఉంటుంది. బడిపిల్లల సుద్దముక్క తీసుకుని లైనింగు మొత్తం గియ్యండి. షూలు బిగించి, చక్రం ఎక్కించి, బ్రేకు కొంచెం పట్టి నాలుగు చుట్లు తిప్పి మళ్లీ విప్పండి. సుద్ద చెరిగిన చోటే ఆనుతున్నట్టు. అక్కడ ముతక ఎమరీ కాయితంతో రుద్ది మళ్లీ సుద్ద గియ్యండి. ముందు షూలకు నేను పద్నాలుగు సార్లు చేశా. చివరికి ముప్పాతిక భాగం చెరిగింది. లైనింగు రెండు కొసలూ ఆకురాయితో కాస్త వాలుగా తీస్తే పట్టేసినట్టు గీరుకోకుండా ఉంటుంది. ఈ పని చేసేటప్పుడు ముక్కుకు మాస్కు కట్టుకోండి.

డ్రమ్ము గుండ్రంగా ఉందో లేదో చెవితో తెలుస్తుంది. చక్రాన్ని పైకెత్తి తిప్పుతూ బ్రేకు సన్నగా పట్టండి. చుట్టంతా ఒకే రకంగా "సిర్ర్" మంటే సరే. "సిర్... సిర్..." అని ఆగి ఆగి వస్తే డ్రమ్ము కోడిగుడ్డు అయినట్టు. లేతు మీద తీయించాలి, అయితే చక్రం అల్లి పుల్లలు (స్పోకులు) బిగించాకే తీయించాలి, ఎందుకంటే పుల్లల బిగువుకు డ్రమ్ము ఆకారం మారుతుంది. నేను విడి హబ్బు తీసుకుపోయి ఒక లేతు షాపులో ఇచ్చా. మధ్య పాయింటు చూసుకోకుండా ఒక పక్కే కోసిచ్చాడు. అడిగితే "నలభై ఏళ్ల నుంచి చేస్తన్నా" అన్నాడు. నలభై ఏళ్లు నా డ్రమ్ముకు కలిసి రాలా, ఇంకో హబ్బు కొనుక్కున్నా.

బిగించేటప్పుడు ఇంకొక చిన్న కిటుకు. యాక్సిల్ నట్టు వదులుగా ఉంచి, బ్రేకు గట్టిగా పట్టి, పట్టుకునే నట్టు బిగించండి. షూలు రెండూ డ్రమ్ము మధ్యకు వాటంతటవే సర్దుకుంటాయి. బ్రేకు పట్టినప్పుడు ప్లేటు మీదున్న లీవరుకూ కేబులుకూ మధ్య మూలమట్టం కోణం రావాలి. మాదానికి లీవరు ఎవరో ఒక పన్ను జరిపి పెట్టారు. దాన్ని తిరిగి జరిపితేనే సగం బలం పెరిగింది.

ఇక కేబులు. ఆ రోజు నన్ను సుబాబుల్ తోటలోకి పంపింది ఇదే. పైన తొడుగు కొత్తదే, లోపలి తీగలో సగం పోగులు తెగి తుప్పట్టి ఉన్నై. కొత్త కేబులు దొరక్కపోతే చేసుకోవచ్చు, టంకం పని తెలిసుంటే. తీగ కోసే ముందు కోసే చోట టంకం పూసి కొయ్యండి, పోగులు విడిపోవు. కేబులు కొసకు ఉండే ఇత్తడి బుడిపె, నిప్పిల్ అంటారు, దాన్లోంచి తీగ కొస 4 మిల్లీమీటర్లు బయటికి తీసి, టంకం కరిగించి, పోగుల్ని సూదిమొనతో బంతిపువ్వులా విప్పండి. నిప్పిల్‌కి ఒక పక్క గుంట ఉంటుంది, పువ్వు ఆ గుంటలో కూర్చోవాలి. ఫ్లక్సు రాసి, కరిగిన టంకం ఉన్న చిన్న గరిటెలో నిప్పిల్ ముంచండి. టంకం తీగ వెంబడి పైకి పాకడం కంటికి కనబడుతుంది. వెంటనే తీసెయ్యాలి, ఎక్కువసేపు ఉంచితే తీగ పెళుసవుతుంది. చల్లారాక ఫ్లక్సు అంతా వేణ్ణీళ్లతో కడగండి, లేదంటే ఆరు నెలల్లో లోపల్నుంచి తినేస్తుంది. పువ్వు విప్పకుండా ఊరికే టంకం పెట్టిన నిప్పిల్ చేతికి గట్టిగానే ఉంటుంది, అవసరమైన రోజు జారిపోతుంది. తయారైన కేబుల్‌ని షాపు దూలానికి కట్టి, పాత 5 హెచ్‌పీ మోటరు వేలాడదీసి ఒక రాత్రి ఉంచా. ఉదయానికి ఒక్క దారం కదల్లేదు.

కాళ్ల సంగతి కూడా బ్రేకు సంగతే. పదిహేను రోజులు బండిని స్టాండు మీద పెట్టి, ఇంజిను ఆపి, కూర్చుని ఎడమకాలు నొక్కడం అలవాటు చేసుకున్నా. మా చిన్నోడు పక్కన నిలబడి ఉన్నట్టుండి "గొర్రె!" అని అరిచేవాడు. మూడో రోజు వరకూ కుడికాలే ముందు లేచింది.

తిన్నగా పోవడం

టైరు కొలత 3.25-19. మన బుల్లెట్‌కి చాలా ఏళ్లు ఇదే కొలత, కాబట్టి ఒంగోల్లోనో నెల్లూర్లోనో దొరుకుతుంది. పాత టైరు గాళ్లు ఎంత లోతుగా ఉన్నా సరే తీసెయ్యండి. కొత్తది కొనేటప్పుడు పక్కగోడ మీద కోడిగుడ్డు గడిలో ఉన్న నాలుగంకెలు చూడండి. 2324 అంటే 2024లో 23వ వారం తయారీ. షాపులో ఐదేళ్లు పడున్న టైరు కొత్తది కాదు. ట్యూబూ, రిమ్ముకు చుట్టే పట్టీ కూడా కొత్తవే వెయ్యండి.

పుల్లల్ని చిన్న పానాతో ఒక్కొక్కటే మీటుకుంటూ పోండి. బిగువుగా ఉన్నది "టింగ్" అంటుంది, వదులుది "టక్" అంటుంది. రిమ్ము లోపలి వైపు, టైరు కింద దాగే చోట, తుప్పు పొలుసులుగా లేస్తుంటే ఆ రిమ్ము వద్దు. పైన క్రోమియం అద్దంలా మెరుస్తున్నా లోపల అప్పడంలా ఉన్న రిమ్ములు నేను చూశా.

ఫ్రేములో పగులు పట్టుకోవడానికి పెద్ద మిషన్లేమీ అక్కర్లేదు. లగ్గులు (పైపులు దోపే గొట్టాలు), అతుకులు ఉన్న చోట రంగు గీకి, కిరసనాయిలు పూసి, అరగంట ఆగి పొడిగుడ్డతో శుభ్రంగా తుడవండి. సుద్దపొడి నీళ్లలో కలిపి పల్చగా పట్టించండి. ఆరాక సుత్తితో మెల్లగా తట్టితే, పగులు ఉన్న చోట కిరసనాయిలు బయటికి ఊరి తెల్లటి సుద్దలో గీతలా కనబడుతుంది. మాదానికి సీటు కింద ఒక లగ్గు దగ్గర వెంట్రుకంత గీత బయటపడింది. దాని మీద మామూలు వెల్డింగు పెట్టించబోయి ఆగా. ఈ ఫ్రేములు లగ్గుల్లో పైపులు దోపి ఇత్తడితో అతికినవి, ఆ పని తెలిసిన బ్రేజింగు మనిషే చెయ్యాలి. మా వైపు పాత సైకిల్ ఫ్రేములు అతికే పెద్దాయన ఒకాయన చేసిచ్చాడు.

వంకర చూడటానికి మేస్త్రీ నూలు చాలు. వెనక టైరుకు రెండు పక్కలా నేలకు జానెడు ఎత్తులో నూలు ఆనించి ముందు టైరు దాకా లాగండి. ముందు చక్రం రెండు నూళ్లకూ మధ్యలో సమంగా ఉండాలి.

ముందు ఫోర్కు ఈ కాలపు టెలిస్కోపిక్ రకం కాదు. గర్డర్ అంటారు, ఒక పెద్ద స్ప్రింగు, నాలుగు లింకులు. ముందు చక్రం పైకెత్తి, ఫోర్కు కిందివైపు పట్టుకుని పక్కలకు ఆడించండి. కటకటలాడితే లింకుల కుదుళ్లు అరిగినట్టు. ముందుకూ వెనక్కూ లాగినప్పుడు కదిలితే మెడ బేరింగు వదులు. హ్యాండిల్ అటూ ఇటూ తిప్పుతుంటే మధ్యలో ఒకచోట పల్లంలో పడ్డట్టు ఆగితే, బేరింగు గిన్నెల్లో గుంటలు పడ్డాయన్నమాట. బిగిస్తే పోయే జబ్బు కాదది, గిన్నెలూ గుండ్లూ మార్చాల్సిందే.

చైను లింకుకు వేసే క్లిప్పు మూసిన వైపు చైను పోయే దిక్కుకు ఉండాలి. తిరగేస్తే ఏదో ఒకరోజు ఊడుతుంది.

నట్ల గురించి ఒక మాట. ఈ బండికి మన మిల్లీమీటరు పానాలు పట్టవు. పట్టినట్టే ఉండి మూలలు అరగదీస్తాయి. విట్‌వర్త్ పానాలు కావాలి. వాటి మీద రాసి ఉండే అంకె నట్టు వెడల్పు కాదు, బోల్టు మందం. ఇది తెలియక నేను మొదటి సెట్టు తప్పు కొలతవి తెచ్చుకున్నా. చెన్నై పుదుపేటలో పాత సామాను కుప్పల్లో ఓపిగ్గా వెతికితే దొరుకుతాయి. లారీల పాత మెకానిక్కుల దగ్గరా ఉంటాయి గానీ వాళ్లు ఇవ్వరు, పక్కన కూర్చుని వాడుకోమంటారు.

పెట్రోలు ట్యాంకు

ఖాళీ ట్యాంకు నిండు ట్యాంకు కంటే ప్రమాదం. పెట్రోలు పోయినా ఆవిరి నెలల తరబడి ఉంటుంది. దానికి వెల్డింగు గానీ, ఇత్తడి అతుకు గానీ పెట్టాలంటే సబ్బు నీళ్లతో పలుమార్లు కడిగి, మెడ దాకా నీళ్లు నింపి, అతికే చోట మాత్రమే ఖాళీ ఉంచి చెయ్యాలి. ఇంకా మంచిది, ఆ పని చేసేవాళ్లకే ఇచ్చెయ్యండి.

లోపలి తుప్పుకు గుప్పెడు చిన్న నట్లు, అడుగు పొడవు పాత చైను ముక్క వేసి, నీళ్లు పోసి, పాత దుప్పట్లో చుట్టి కుదపండి. బయటికొచ్చే నీళ్లు ఎర్రటి పులుసులా ఉంటాయి. తర్వాత తుప్పు తీసే ఫాస్ఫారిక్ యాసిడ్ ద్రావణం ఒక రాత్రి ఉంచి, కడిగి, వెంటనే ఆరబెట్టాలి. గంట ఆలస్యమైతే మళ్లీ ఎర్ర పొర తేలుతుంది. వేసిన నట్లు లెక్కపెట్టి వెయ్యండి, లెక్కపెట్టి తియ్యండి.

ఇప్పుడు బంకుల్లో వచ్చే పెట్రోల్లో 20 శాతం ఇథనాల్. ఈ ఇంజిన్లో కంప్రెషను ఐదుకు ఒకటి దగ్గరే, కాబట్టి మండటంలో ఇబ్బంది లేదు. ఇబ్బంది పాత రబ్బరు, బెండు వాషర్లతో, నీళ్లు పీల్చుకోవడంతో. పైపులన్నీ కొత్తవి వేశా. నెల రోజులు తియ్యనంటే ట్యాంకూ కార్బురేటరు గిన్నే రెండూ ఖాళీ చేసి పెడతా.

మాగ్నెటో, నా గర్వభంగం

ఈ బండికి నిప్పు పుట్టించేది మాగ్నెటో. బ్యాటరీ లేకపోయినా ఇంజిను తిరుగుతుంది. దాని మీదే దీపాలకు డైనమో. రెండూ కలిపి మాగ్‌డైనో అంటారు.

వైండింగు పని నాదే గదా అని ఆర్మేచరు నేనే చుట్టా. వెంట్రుకకంటే సన్నటి తీగ, వేల చుట్లు. అద్దాలు పెట్టుకుని తొమ్మిది రాత్రులు. మోటర్లకు పోసే వార్నిషే పోసి ఓవెన్లో ఆరబెట్టా. పొద్దున చలిగా ఉన్నప్పుడు ఒక్క తన్నుకే నీలం నిప్పు. రోహిణి కార్తెలో ఒక మధ్యాహ్నం ఉలవపాడు దాటాక ఇంజిను దగ్గి ఆగిపోయింది. మామిడి చెట్టు కింద గంట కూర్చుంటే మళ్లీ స్టార్టయింది. మళ్లీ ఆగింది. చల్లగా ఉంటే పనిచేసి, వేడెక్కితే చచ్చిపోవడం మాగ్నెటో జబ్బుకు ముఖ్యమైన గుర్తు. కండెన్సరు పోయినా, లోపల ఇన్సులేషను పోయినా ఇట్లాగే చేస్తుంది. నాది రెండోది. చుట్ల మధ్య గాలి బుడగలు మిగిలినై. పంపు మోటరు 415 వోల్టులకు ఆ వార్నిషు పద్ధతి చాలు, ఇక్కడ పుట్టేది వేల వోల్టులు. వాక్యూంలో వార్నిషు ఎక్కించాలంట, నా దగ్గర ఆ సరంజామా లేదు. చెన్నైలో మాగ్నెటోలే చేసే ఒకాయనకు ఇచ్చా. ఆయన నా చుట్టు విప్పి చూసి "చేతిపని బాగుంది" అన్నాడు. పొగిడినట్టు అనిపించలేదు.

ఇంట్లో చేసుకోగలిగినవి కొన్ని ఉన్నై. పాయింట్ల సందు 0.3 మిల్లీమీటర్లు. సందు కొలిచే రేకు, ఫీలర్ గేజి, మెల్లగా పట్టి లాగినట్టు ఉండాలి. పికప్ బ్రష్షు విప్పి, పెన్సిల్‌కి పల్చటి గుడ్డ చుట్టి పెట్రోలు తడిపి, ఆ రంధ్రంలో పెట్టి ఇంజిన్‌ని చేత్తో తిప్పిస్తే లోపలి రింగు మీది కార్బన్ మసి వచ్చేస్తుంది. ప్లగ్గు వైరు రాగి తీగదే వాడండి. నిప్పు చూడాలని ప్లగ్గు తీసినప్పుడు వైరును గాల్లో వదిలేసి తన్నొద్దు. ప్లగ్గుకు తగిలించి, ప్లగ్గును ఇంజిన్‌కు ఆనించి ఉంచండి. పోవడానికి దారి లేని వోల్టేజి లోపలి ఇన్సులేషన్నే చీల్చుకుని పోతుంది.

డైనమోకి సులువైన పరీక్ష ఉంది. విప్పి బల్ల మీద పెట్టి, డి, ఎఫ్ అనే రెండు కొసలూ కలిపి బ్యాటరీ ఒక వైరు, బాడీకి రెండో వైరు ఇవ్వండి. మోటరులా నిదానంగా తిరిగితే బతికే ఉంది. వైరింగు అంతా నేను కొత్తగా లాగా, బ్యాటరీ పక్కనే ఒక ఫ్యూజు పెట్టా. పాత బ్రిటిష్ బళ్లలో పాజిటివ్‌ని ఎర్తు చేసినవి చాలా ఉన్నై, కాబట్టి బ్యాటరీ తగిలించే ముందు ఏ కొస ఫ్రేముకు పోతుందో చూసుకోండి. దీనికి అసలు బ్రేకు లైటు లేదు. బ్రేకు రాడ్డుకు స్ప్రింగు స్విచ్చి కట్టి 6 వోల్టుల ఎల్ఈడీ ఒకటి పెట్టా. అసలుకు ఉన్నట్టే ఉంచాలని పట్టుబట్టేవాళ్లు తిట్టుకోవచ్చు. నా వెనకొచ్చే గ్రానైట్ లారీకి మాత్రం నేను ఆగుతున్నట్టు తెలియాలి.

చివరికి ఇంజిను

ముప్పై ఏళ్లు ఆగిన ఇంజిన్‌ని రాగానే తన్నొద్దు. ప్లగ్గు తీసి, డీజిలూ ఇంజిన్ ఆయిలూ సగం సగం కలిపి పోసి మూడు రోజులు వదిలెయ్యండి. తర్వాత వెనక చక్రాన్ని గేరులో పెట్టి చేత్తో నెట్టి చూడండి. కదలకపోతే ఇంకో మూడు రోజులు. కదిలినా సరే, ఒకసారి విప్పి లోపల చూడకుండా నడపొద్దు. పిస్టనుకూ సిలిండరుకూ మధ్య సందు, రింగులు, బిగ్ ఎండు (కనెక్టింగ్ రాడ్డు కింది బేరింగు) ఆట, ఇవి మంచి బోరింగు షాపు మనిషి కొలిచి చెప్పాలి.

సైడ్ వాల్వు ఇంజిన్లో హెడ్డు ఉత్త మూత, వాల్వులు సిలిండరు పక్కన ఉంటాయి. ఆ మూత వంకర పోయి గ్యాస్‌కెట్ ఊదడం మామూలు. చదును చెయ్యడానికి చీమకుర్తి గెలాక్సీ గ్రానైటు పలక ముక్క తెచ్చుకున్నా, బంగారు చుక్కలున్న నల్లరాయి. ఫ్యాక్టరీ పక్కన విరిగిన ముక్కలు ఊరికే ఇస్తారు. పాలిష్ చేసిన ప్రతి పలకా చదును కాదు, ఉక్కు స్కేలు నిలువుగా పెట్టి కింద వెలుతురు రాని ముక్కే ఏరుకోవాలి. దాని మీద 220 నంబరు ఎమరీ కాయితం పరిచి డీజిలు చల్లండి. హెడ్డు అంచు మీద మార్కరు పెన్నుతో అడ్డంగా గీతలు గీసి, ఎనిమిది అంకె ఆకారంలో రుద్దండి. బలం పెట్టొద్దు, హెడ్డు బరువే చాలు. ఇరవై చుట్లకు తిరగేసి చూస్తే గీతలు కొన్నిచోట్ల పోయి, కొన్నిచోట్ల మిగిలుంటాయి. మిగిలిన చోటు పల్లం. గీతలన్నీ పోయేదాకా రుద్దాలి. నాకు రెండు బోల్టు రంధ్రాల మధ్య ఒక గీత రెండు గంటలు మొండికేసింది. రాగి గ్యాస్‌కెట్‌ను ఎర్రగా కాల్చి నీళ్లలో వేస్తే మెత్తబడుతుంది.

వాల్వుల సందు ఇంజిను చల్లగా ఉన్నప్పుడు ఇన్‌లెట్ 0.25, ఎగ్జాస్ట్ 0.30 మిల్లీమీటర్లు పెడతా. ఆయిలు 50 గ్రేడు, దొరక్కపోతే పంపుసెట్టు ఇంజిన్లకు పోసే 40. ఈ ఇంజిన్లో ఆయిలు కింద నిలవ ఉండదు. విడిగా ఒక ట్యాంకులో ఉంటుంది, పంపు కిందికి పంపి మళ్లీ పైకి తోడుతుంది. స్టార్టవ్వగానే ఆయిలు ట్యాంకు మూత తీసి చూడండి, పైపులోంచి చిమ్ముతూ తిరిగి రావాలి. నిమిషంలో రాకపోతే ఆపెయ్యండి. వారాల తరబడి ఆగిన బండిలో ఆయిలు పంపును దాటి కిందికి జారుతుంది. ట్యాంకు తగ్గింది గదా అని మళ్లీ పోసేరు, ముందు కింది ప్లగ్గు విప్పి జారింది వంచండి.

తన్నే ముందు ఇగ్నిషన్ లీవరు వెనక్కి, అంటే నిప్పు ఆలస్యంగా పడే వైపుకు, తిప్పుకోండి. మర్చిపోతే కిక్కు ఎదురు తంతుంది, చీలమండ విరిగినవాళ్లు ఉన్నారు. ఎగ్జాస్ట్ వాల్వును ఎత్తి పట్టే లీవరు పట్టి పిస్టన్‌ను కంప్రెషన్ దాటించి, వదిలి, అప్పుడు నిండుగా ఒక్క తన్ను. గంతులెయ్యక్కర్లేదు.

కాయితాలు, మొదటి వంద కిలోమీటర్లు

50 ఏళ్లు దాటి, అసలు రూపంలో ఉన్న బళ్లకు 2021 జులైలో కేంద్రం వింటేజ్ నిబంధనలు తెచ్చింది. కొత్త రిజిస్ట్రేషను 20,000 రూపాయలు, పదేళ్లు చెల్లుతుంది, తర్వాత 5,000తో ఐదేళ్లకు. నంబర్లో వీఏ అని వస్తుంది. ప్రదర్శనలకు, ర్యాలీలకు, పెట్రోలుకు, రిపేరుకు తిప్పుకోవచ్చు గానీ రోజువారీ తిరగడానికి కాదు. ఇన్సూరెన్సు లేకుండా గేటు దాటొద్దు.

మొదటి రోజు ఇంజిను ఆపి, మనిషి నెడుతుండగా, రెండు బ్రేకులూ విడివిడిగా పట్టి చూశాం. తర్వాత తెల్లవారుజామున ఖాళీ రోడ్డు మీద ఒక కిలోమీటరు. ఆగి రెండు హబ్బుల మీదా చెయ్యి పెట్టా. ఒకటి కాలుతుంటే బ్రేకు రాసుకుంటున్నట్టు. తర్వాత ఐదు, తర్వాత ఇరవై, ప్రతిసారీ పానాల సంచి పట్టుకుని నట్లన్నీ ముట్టుకున్నా. ఇరవై కిలోమీటర్ల దగ్గర ముందు మడ్‌గార్డు నట్టు ఒకటి లేదు, ఎక్కడ రాలిందో. ఇప్పటికీ 50 దాటించను, 16వ నంబరు హైవే ఎక్కించను, చీకటి పడ్డాక తియ్యను. ఆ ముందు లైటు వెలుతురుకు గేదె కనబడేసరికి గేదె మీద ఉంటాం.

ఇంటికొచ్చాక పెట్రోలు ట్యాపు కట్టి, ఇంజిను కింద మా ఆవిడ ఇచ్చిన పాత రేకు పళ్లెం పెడతా. పొద్దున లేచి చుక్కలు లెక్కపెడతా. ఐదారైతే మామూలే. నిన్న పదమూడున్నై, గేరుబాక్సు వైపున. ఆదివారం విప్పాలి.